లెక్క వచ్చు, ల్యాబ్ అంటేనే భయం. కోర్సు మార్చాలా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి వైజాగ్‌లోనే బీఎస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. చేత్తో చేసే లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌తో ల్యాబ్ మొదలయ్యాక అసలు స్టాటిస్టిక్సే వద్దంటోంది. కోర్సు మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే మార్పించకండి. మీరు రాసినదాన్ని బట్టి అమ్మాయికి పడనిది కంప్యూటర్, సబ్జెక్టు కాదు. టెన్షన్‌లో ఉన్న పిల్లలకు ఈ రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. స్టాటిస్టిక్స్ మీద విద్యార్థుల వైఖరి తెలుసుకోవడానికి వాడే 'శాట్స్' ప్రశ్నావళిలో కూడా ఇష్టం, చేయగలనన్న నమ్మకం, ఉపయోగం, కష్టం గురించి విడివిడిగానే అడుగుతారు. మీరూ అలాగే విడదీసి అడగండి. ఏం టైప్ చేయాలో తెలియడం లేదా, వచ్చిన జవాబుకు అర్థం తెలియడం లేదా?

మొదటిదైతే కంగారు అక్కర్లేదు. ఆర్‌లో చిన్న అక్షరం బదులు పెద్ద అక్షరం కొట్టినా ఎర్రర్ వస్తుంది. అది తెలివికి పరీక్ష కాదు, అలవాటు మీద పోతుంది. ఇంకో చిక్కు ఉంది, దీన్ని ల్యాబ్‌లో ఎవరైనా విడమరచి చెప్పారో లేదో కనుక్కోండి. 2, 4, 6 అనే మూడు అంకెలకు ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కట్టమనండి. డిగ్రీలో మొదట నేర్పే సూత్రంతో, అంటే మొత్తం సంఖ్య 3తో భాగించి చేస్తే 1.63 వస్తుంది. ఆర్ మాత్రం 2 అని చూపిస్తుంది. అది శాంపిల్ సూత్రం (మొత్తంలోంచి కొన్నింటినే తీసుకుని లెక్కకట్టేటప్పుడు వాడేది) వాడి, ఒకటి తగ్గించి 2తో భాగిస్తుంది. రెండూ సరైనవే. ఈ తేడా తెలియని పిల్ల, ఎంత బాగా లెక్క చేసినా, తప్పు తనదే అనుకుని కుంగిపోతుంది. చేత్తో లెక్క వచ్చిన మీ అమ్మాయికి ఇది పది నిమిషాల్లో బోధపడుతుంది.

ఆర్ ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లోనూ పనిచేస్తుంది. ల్యాబ్‌లో పక్కమ్మాయి టైప్ చేస్తుంటే చూస్తూ కూర్చుంటే ఎన్నాళ్లయినా రాదు, ఇంట్లో తన చేత్తో చేయాలి. రైతుబజారులో టమాటా ధర వారం రోజులు రాసుకుని, ముందు నోటుబుక్కులో లెక్కకట్టి, తర్వాత ఆర్‌లో సరిచూసుకోమనండి.

ఆర్‌లోనే ఉన్న ఆన్స్‌కోంబ్ డేటా కూడా తెరవమనండి. ఆన్స్‌కోంబ్ అనే స్టాటిస్టిక్స్ నిపుణుడు 1973లో ప్రచురించిన నాలుగు పట్టికలవి, ఒక్కోదానిలో 11 జతలు. సగటు, సహసంబంధం (కోరిలేషన్, అంటే జతలోని రెండు అంకెలు ఎంతగా కలిసి మారతాయో చెప్పేది) నాలుగింటికీ దాదాపు ఒకటే. గ్రాఫ్ గీస్తే ఒకటి గీతకు దగ్గరగా, ఇంకోటి వంపుగా, మిగతా రెండింటిలో ఒక్క చుక్క మొత్తం లెక్కనే తిప్పేసి కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఎందుకు నేర్చుకోవాలో నాకు తెలిసి ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ లేదు.

జవాబుకు అర్థమే తెలియడం లేదంటే అది వేరే సమస్య. అప్పుడు ల్యాబ్‌ను పక్కనపెట్టి, థియరీ చెప్పే లెక్చరర్ దగ్గరికి మొదటి ఏడాది నోట్స్‌తో వెళ్లమనండి. ఈ సెమిస్టర్ పూర్తయ్యాక కూడా వద్దనే అంటే, అప్పుడు కోర్సు మార్పు గురించి మాట్లాడుకుందాం.