సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోటుకి పాత స్క్రూ కన్నాలు: ఎం-సీల్ పెట్టి రంగు వేసేస్తే చాలదా?

చెన్నైలో పాత ఫైబర్ బోటు కొన్నారు. డెక్ మీదా, ఇంజన్ తగిలించే వెనక పలక (ట్రాన్సమ్) మీదా పాత సామాను ఊడదీసిన కన్నాలున్నాయి, ఎం-సీల్ సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. డెక్ మీద, లోపల కర్ర లేకుండా ఒట్టి ఫైబరే ఉన్నచోట సరిపోతుంది. ట్రాన్సమ్‌కి మాత్రం వద్దు.

చాలా బోట్లలో ట్రాన్సమ్ లోపల ప్లైవుడ్ ఉంటుంది. స్క్రూ కన్నంలోంచి నీళ్లు అందులోకి దిగి కర్ర లోలోపలే కుళ్లుతుంది. పైన మూత పెట్టేస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది. నేను కొన్న బోటూ ఇలాంటిదే. పాత ఓనరు కన్నాలన్నీ సిలికాన్‌తో పూడ్చి శుభ్రంగా రంగు వేసి అమ్మాడు. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే ఒక కన్నంలోంచి నల్లటి చెక్కపొట్టు వచ్చింది. కాబట్టి ముందు ప్రతి కన్నంలోనూ సన్నటి కమ్మీతో గీరి చూడండి. చుట్టూ స్పానర్ పిడితో తట్టండి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, కుళ్లినచోట డొల్లగా మోగుతుంది. డొల్ల జానెడు మేర ఉంటే అది కన్నాల పని కాదు, కాశిమేడు చేపల రేవు వైపు ఫైబర్ పనివాళ్లకి చూపించండి.

కర్ర గట్టిగా ఉంటే పని తేలికే. 5 మి.మీ. స్క్రూ కన్నాన్ని 10 మి.మీ. డ్రిల్‌తో పెద్దది చేసి, పూర్తిగా ఆరనివ్వండి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఇక్కడ అది ఆరడం కల్ల. ఎండాకాలంలో పెట్టుకోండి. ఆరాక ముందు పల్చటి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పోసి కర్రకి పట్టనివ్వాలి. తర్వాత సిలికా పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీ నింపాలి. కొత్త స్క్రూ అక్కడే కావాలంటే గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ బోర్ వేసుకోండి. అప్పుడు స్క్రూ చుట్టూ ఉండేది ఎపాక్సీయే, నీళ్లు కర్ర దాకా పోవు.

పాత సిలికాన్ మరక ఒక్కటి మిగిలినా దాని మీద ఏదీ అంటుకోదు. ముందు బ్లేడుతో గీకి, అసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాతే ఉప్పుకాగితం పట్టండి. సాండింగ్ ముందు చేస్తే సిలికాన్‌ని ఫైబర్ గీతల్లోకి రుద్దినట్టవుతుంది.

నీళ్లలో మునిగే భాగంలో ఇటు నుంచి అటు దాకా పోయిన కన్నం ఉంటే ఎం-సీల్ లాంటి పుట్టీ చాలదు. అంచులు ఏటవాలుగా గ్రైండ్ చేసి, రెసిన్‌తో తడిపిన మ్యాట్ (గాజు నార గుడ్డ) ముక్కలు వేయాలి. బలం బాగా పడేచోట వాలు మందానికి 12 రెట్లు ఉండాలంటారు. చిన్న స్క్రూ కన్నానికి అంత అక్కర్లేదు, కానీ రెండు వైపులా మ్యాట్ పడితే మంచిది. వెనక ప్యాకింగ్ టేపు అతికిస్తే రెసిన్ కారదు, దానికి అంటుకోదు కూడా.

ఈ పనికి ఎపాక్సీ బదులు పాలిస్టర్ రెసిన్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. షాపులో కోబాల్ట్ యాక్సిలరేటర్ (త్వరగా గట్టిపడేలా చేసేది), హార్డ్‌నర్ విడిగా ఇస్తే ఆ రెండూ నేరుగా కలపకండి, పేలుడులాంటి మంట వస్తుంది. కోబాల్ట్ ముందు రెసిన్‌లో బాగా కలిపి, తర్వాతే హార్డ్‌నర్ వేయాలి. హార్డ్‌నర్ కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్లని మూసి ఉంచే రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. చెన్నై వేడికి హార్డ్‌నర్ 1 శాతం దగ్గరే ఉంచండి. ఒకేసారి మగ్గు నిండా కలిపితే అందులోనే పొగలు కక్కి గట్టిపడిపోతుంది.

ఇక రంగు. ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్ కోట్ (బోటు పైన ఉండే రంగు రెసిన్ పొర) సరిగా పట్టదు, అక్కడ పెయింటే మేలు. అదీ ఎపాక్సీ పైన చేరే జిడ్డుపొరని నీళ్లతో కడిగి, సాండింగ్ చేశాకే. పాలిస్టర్ మీద జెల్ కోట్ వేస్తే గాలి తగిలినచోట జిగటగానే ఉంటుంది, పైన ప్లాస్టిక్ షీటు కప్పండి. మీ బోటు తెలుపు ఎండకి పసుపెక్కి ఉంటుంది. కొత్త తెలుపులో చుక్క పసుపు కలిపి, బోటు మీద అతికించిన టేపు ముక్కపై వేసి ఎండలో పోల్చుకోండి. అయినా దగ్గరికొచ్చి చూస్తే మచ్చలు తెలుస్తాయి. చేపలు పట్టే బోటుకి నేనైతే ఆ టెన్షన్ పెట్టుకోను.