రెండు మిల్లులు, రెండు పేర్లు

ప్రశ్న: అయ్యా, మాది కరీంనగర్ వైపు నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబం. మా తాతగారు 1905 ప్రాంతంలో, తొమ్మిదేళ్ళు నిండీ నిండకుండా, మేనమామ వెంట బొంబాయి వచ్చి నూలు మిల్లులో చేరారట. పొద్దున ఒక మిల్లులో రాజయ్యగా, మధ్యాహ్నం నుంచి పక్క మిల్లులో మల్లయ్యగా పనిచేశానని చెప్పేవారు. మా పిల్లలు నమ్మడం లేదు. అలా జరిగేదా? తనిఖీ చేసే అధికారులు లేరా? ఆయన పేరు ఎక్కడైనా దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, భివండి

జవాబు: మీ తాతగారి మాట నమ్మండమ్మా. ఫ్యాక్టరీల తనిఖీ శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కనుక సాక్ష్యం చట్టంలోనే చూపిస్తాను. ఒక పిల్లవాణ్ణి ఒకే రోజు రెండు ఫ్యాక్టరీల్లో పెట్టుకోకూడదని 1881లో వచ్చిన మన మొదటి ఫ్యాక్టరీ చట్టమే చెప్పింది. 1926లో చట్టాన్ని సవరించి, అలా పంపిన తల్లిదండ్రులకూ సంరక్షకులకూ జరిమానా పెట్టారు. 1948 చట్టంలో 99వ సెక్షన్ కూడా అదే చెప్పింది. జరగని పనికి ఇన్నిసార్లు జరిమానా రాయరు.

అది ఎలా సాధ్యమైందో చూడండి. 1891 చట్టం ప్రకారం తొమ్మిదేళ్ళలోపు పిల్లల్ని చేర్చుకోకూడదు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ వారికి రోజుకు ఏడు గంటలే పని. కానీ మిల్లు నడిచేది దాదాపు అంతకు రెట్టింపు సేపు. అందుకని పిల్లల్ని పొద్దుటి జట్టు, మధ్యాహ్నపు జట్టు అని విడదీశారు. వాళ్ళను సగం పూట కూలీలనేవారు. ఎక్కువమంది పని నూలు చుట్టే గొట్టాలు, అంటే బాబిన్లు, నిండినవి తీసి ఖాళీవి తొడగడం. సగం పూటకు సగం కూలీ. ఇల్లు గడవని కుటుంబం రెండో సగాన్ని పక్క మిల్లులో వెతుక్కుంటుంది. వయసు ధ్రువీకరించే డాక్టరు ముందు పుట్టిన తేదీ కాగితం ఉండదు. ఒళ్ళూ పళ్ళూ చూసి వయసు అంచనా వేయాలి. కాగితం మీద ఫొటో ఉండదు. పేరు మార్చి ఇంకో కాగితం తెచ్చుకుంటే పట్టుకునేదెవరు? పనిలో పెట్టేది జాబరు, అంటే కూలీలను కుదిర్చి పని చేయించే మేస్త్రి. పిల్లవాడు ఎవరో అతనికి తెలుసు, ఎందుకొచ్చాడో కూడా తెలుసు.

ఇక అధికారుల సంగతి. బొంబాయిలో కావస్‌జీ దావర్ మొదటి నూలు మిల్లు కంపెనీ 1854లో పెట్టారు. ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా ఫ్యాక్టరీ చట్టమే లేదు. 1875లో ఒక కమిషన్ వేశారు; అందులో మిల్లు యజమానులూ ఉన్నారు, మెజారిటీ సభ్యులు చట్టం అక్కరలేదన్నారు. చట్టం కావాలని గట్టిగా ఒత్తిడి చేసినవారిలో ఇంగ్లండులోని మాంచెస్టరు మిల్లుల వారున్నారు, బొంబాయి మిల్లుల పోటీ భయంతో. దాన్ని అడ్డం పెట్టుకుని ఇక్కడి యజమానులు దేశభక్తి మాటలు చెప్పారు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించే ఘట్టం ఇది. ఏడేళ్ళ పిల్లవాడు యంత్రాల మధ్య పొద్దంతా నిలబడితే దేశానికి ఒరిగేదేమిటి? బొంబాయిలోనే ఉండి, పార్సీ కుటుంబంలో పుట్టి, పిల్లలకోసం చట్టం కావాలని పట్టుబట్టిన సోరాబ్‌జీ షాపూర్‌జీ బెంగాలీని మనం మరిచిపోకూడదు.

1881 చట్టం నూరుమంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలకే వర్తించింది. ప్రత్యేకంగా ఇన్‌స్పెక్టరును నియమించని చోట జిల్లా మేజిస్ట్రేటే ఇన్‌స్పెక్టరు. శిస్తు, శాంతిభద్రతలు చూసే మనిషి మిల్లు గదుల్లోకి ఎన్నిసార్లు వెళ్తాడు? ఇంగ్లండు నుంచి మీడ్‌-కింగ్ అనే అనుభవజ్ఞుణ్ణి రప్పించారు కానీ, కొద్దికాలానికే. ఒక మాట నా అనుభవం నుంచి: విశాఖలో నేను పనిచేసిన రోజుల్లో గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టేలోపే లోపలికి కబురు వెళ్ళేది. నేను షెడ్డులో అడుగుపెట్టేసరికి కొన్ని యంత్రాల దగ్గర మనుషులుండేవారు కాదు. మీ తాతగారి రోజుల్లోనూ ఒక్క పిలుపు చాలు, పిల్లలు వెనక గుమ్మం దాటడానికి.

నిజంగా మార్పు తెచ్చింది కార్మికులే. మిల్లులో స్టోర్‌కీపరుగా పనిచేసిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో సభలు పెట్టి, ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విశ్రాంతి, జీతం ఆలస్యం చేయకుండా ఇవ్వడం, గాయపడితే పరిహారం కావాలని అయిదున్నర వేలమంది సంతకాలతో వినతిపత్రం ఇచ్చాడు. 1890 ఏప్రిల్‌లో పదివేలమంది పోగయ్యారు. ఆ సభలో మిల్లు కూలీ స్త్రీలు ఇద్దరు లేచి మాట్లాడారు. జూన్‌లో యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. 1891 చట్టం ఆ తర్వాతే వచ్చింది. లోఖండే 'దీనబంధు' పత్రికను బొంబాయిలో నడపడానికి తోడ్పడినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు ఒకరని మీ పిల్లలకు చెప్పండి. పేరు చూస్తేనే మనవాడని తెలుస్తుంది. కుల వివక్షను ఎదిరించడానికి జ్యోతిరావు ఫూలే పెట్టిన సత్యశోధక సమాజంలో బొంబాయి తెలుగువారు చాలా పనిచేశారు.

మీ తాతగారు చేరిన ఏడాదికి ఇంకో విశేషం ఉంది. సరిగ్గా ఆ కాలంలోనే మిల్లుల్లో కరెంటు దీపాలు పెరిగాయి. అంతదాకా పొద్దు గుంకితే ఆగిన పని, దీపాల వెలుగులో పద్నాలుగు గంటలు దాటింది. ఆ గొడవ మీదే 1907లో మరో కమిషన్ వచ్చింది. మద్రాసు డాక్టరు టి.ఎం. నాయర్ అందులో సభ్యులు. మగవారి పని గంటలకు నేరుగా పరిమితి పెట్టాలని ఆయన విడిగా అసమ్మతి రాశారు. 1911 చట్టం బట్టల మిల్లుల్లో మగవారికి పన్నెండు గంటలు, పిల్లలకు ఆరు గంటలు అని తేల్చింది.

పేరు దొరకడం కష్టం. ముంబైలో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ భవనంలో ఉన్న మహారాష్ట్ర రాష్ట్ర పురాలేఖల శాఖలో ఫ్యాక్టరీల వార్షిక నివేదికలు అడగండి. వాటిలో ఉండేది మిల్లుల, తనిఖీల, కేసుల లెక్కే, కూలీల పేర్లుండవు. అయినా వెళ్ళేముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళను మూడు సంగతులు అడిగి రాసుకోండి: రెండు మిల్లుల పేర్లు, ఉన్న చాల్ (కూలీలుండే వరస గదుల భవనం) పేరు, జాబరు ఏ ఊరివాడని. మిల్లు పేరు తెలిస్తే ఆ ఏడాది నివేదికలో ఆ మిల్లు మీద కేసు పడిందేమో చూడవచ్చు. దొరికితే నాకూ రాయండి.