ముందు ఉమ్మడం నేర్చుకో

అమ్మలూ,

ఉద్యోగం మానేసి దేశదేశాల వైన్లు రుచి చూసి వాటి మీద రాస్తావట. మీ అమ్మ ఫోనులో ఏడ్చింది. "అంతా నీ వల్లే అన్నయ్యా" అని కూడా అంది. నిజమే కాబోలు. ఆ రాత్రి రెండుసార్లు లేచాను. ఒకసారి భయంతో, ఒకసారి నాలో నేను నవ్వుకుంటూ. లండన్ హోటళ్లలో 26 ఏళ్లు బిరడాలు తీసినవాణ్ణి, నా మాట కాస్త విను.

ఖాళీ కడుపుతో రుచి చూడకు. ఆ పూట సెంటు పూసుకోకు. రెడ్ వైను గది వేడిమిలో ఉండాలంటారు. ఆ గది 16, 18 డిగ్రీల యూరప్ గది, మే నెలలో హైదరాబాదు గది కాదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. ఊరికే ఇచ్చిన సీసా అయితే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాసెయ్యి.

సీసాకు గుడ్డ చుట్టి రుచి చూడు. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వైన్ వ్యాపారి పేర్లు దాచి రుచి చూపిస్తే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే తెలుపులోనూ ఎరుపులోనూ కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానం ఇచ్చారు. చిలీలో తోటలవాళ్లే ఏళ్ల తరబడి కార్మెనేర్ అనే ద్రాక్ష తీగలను మెర్లో అనే మరో రకం అనుకుని పెంచారు, 1994లో ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తీగలు చూసి చెప్పేదాకా. సీసా మీది చీటీ అంటే నాకెందుకింత అనుమానమో మీ అమ్మకు కూడా చెప్పలేదు.

1987. నాకు కొత్త కోటు, కొత్త హోదా. పెళ్లిరోజని ఒక ముసలి జంట 1961 నాటి బోర్డో, అంటే ఫ్రాన్సులో ఆ ప్రాంతపు వైను, తెమ్మన్నారు. దాని ధర నా నెల జీతం కన్నా ఎక్కువ. బిరడా తీసి, పద్ధతి ప్రకారం కొంచెం పోసుకుని వాసన చూశాను. తడిసి ముక్కిన గోనెసంచి! వానాకాలంలో నాన్న కొట్టులో, బియ్యం బస్తాల అడుగున ఉండే వాసన. బూజు వల్ల బిరడాలో పుట్టే ట్రైక్లోరోఅనిసోల్ అనే రసాయనం పని అది. లీటరుకు కొద్ది నానోగ్రాములు చేరినా చాలు, వైనులోని పండ్ల వాసన అణగారిపోతుంది. తాగినవాళ్లకు హాని లేదు, వైనుకే చావు. నా ముక్కు క్షణంలో పట్టేసింది. నేను మాత్రం చీటీ చూశాను. ఇంత గొప్ప సీసా పాడవుతుందా, కిరాణా కొట్టువాడి కొడుక్కి బోర్డో సంగతేం తెలుసు అనుకున్నాను. నవ్వుతూ పోశాను. పైగా దేవదారు వాసన, చుట్టల పెట్టె వాసన అంటూ బట్టీపట్టిన పాఠం అప్పజెప్పాను.

పెద్దాయన ఒక గుక్క తాగి భార్య వంక చూశాడు. ఆవిడ తల దించుకుంది. లోపం తమ నాలుకదేనని అనుకుని ఉంటారు. సీసా మొత్తం తాగారు. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని కృతజ్ఞతలు చెప్పాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

అందుకే నేరేడు తగిలితే నేరేడనే రాయి. బ్లాక్‌కరెంట్ పండు కంటితో చూడకముందే దాన్ని వందసార్లు వర్ణించినవాణ్ణి నేను. మొదట జార్జియా దేశానికట కదా. అక్కడి కఖేతి ప్రాంతంలో క్వెవ్రి అనే మట్టి కాగులను భూమిలో పాతి, తెల్లద్రాక్షను తొక్కలతో సహా నెలల తరబడి ఊరబెడతారు. అందుకే అది తేనెరంగులో, వగరుగా ఉంటుంది. ఆ వగరుకు టానిన్ అనే మాట వెతుక్కోకు, వక్క నమిలిన ఇంట్లో పుట్టావు.

ఇక అసలు సంగతి. ఉమ్ము. ప్రతి గుక్కా ఉమ్ము, ఎంత ఖరీదైనదైనా సరే. ఆడపిల్ల నలుగురిలో ఉమ్మడమేమిటని మీ అమ్మ అంటే నా పేరు చెప్పు. నాకు పని నేర్పినవాడిది బంగారం లాంటి నాలుక. మింగకపోతే చివరి రుచి తెలియదనేవాడు. 49 ఏళ్లకే కాలేయం పోయింది. ఆసుపత్రిలో కమలాపండు తొన ముక్కు దగ్గర పెడితే, ఇదేమిటని నన్నడిగాడు.

రాయవలసిన పని లేని రాత్రి నీ చెయ్యి గ్లాసు వైపు వెళ్తే, ఎంత పొద్దుపోయినా నాకు ఫోను చెయ్యి. తిట్టను తల్లీ. మీ అమ్మకు నేను నచ్చచెబుతాను. దానికి మాత్రం రోజూ ఏం తిన్నావో చెబుతూ ఉండు, వైన్ల సంగతులు నాకు రాయి.

మీ మామయ్య