డిష్ ఎక్కడ పెడతారో తేలాకే బాక్స్ సంగతి

ప్రశ్న: సార్, మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరం. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్‌లో అద్దెకి ఉంటున్నాం. బాల్కనీ తూర్పు వైపు. మావారి జీతం చేతికి 46 వేలు వస్తుంది. ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు మాతోనే ఉంటారు. కేబుల్‌కి నెలకి 300 కడుతున్నాం. వాన పడితే చాలు బొమ్మ పోతుంది, ఫోన్ చేస్తే ఆపరేటర్ ఎత్తడు. డిష్ పెట్టించుకుందామని షాపుకి వెళ్తే మూడు రకాలు చెప్పారు. ఫ్రీ డిష్ బిగింపుతో కలిపి 1,900, నెల నెలా కట్టేదేమీ ఉండదు. హెచ్‌డీ బాక్స్ బిగింపుతో 1,800, తెలుగు ప్యాక్ నెలకి 360, ఏడాదికి ఒకేసారి కడితే 3,900. మూడేళ్ల ప్యాక్ 13,500 పెట్టి తీసుకుంటే ఆండ్రాయిడ్ బాక్స్ ఫ్రీ, దానికి క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ కూడా ఉందట. రెండో టీవీకి బాక్స్ 1,500, నెలకి 200. హాల్లో స్మార్ట్ టీవీ, వైఫై ఉన్నాయి. అత్తయ్యగారి గదిలో పాత ఎల్ఈడీ టీవీ ఉంది, దానికి కనెక్షన్ లేదు. సాయంత్రమైతే మావారికి క్రికెట్, ఆవిడకి సీరియళ్లు, హాల్లో రోజూ ఇదే గొడవ. మావారికి రెండేళ్లలో బదిలీ ఉండొచ్చు. ఏది తీసుకోమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ 'ఫ్రీ' సంగతి తేల్చేద్దాం. హెచ్‌డీ బాక్స్ 1,800. ఏడాది ప్యాక్ మూడుసార్లు కడితే 11,700. కలిపితే 13,500. షాపాయన 'ఫ్రీ బాక్స్'తో చెప్పిన మూడేళ్ల ప్యాక్ ఎంత? అదీ 13,500. ఒక్క రూపాయి తేడా లేదు. బాక్స్ డబ్బులు అందులోనే ఉన్నాయి. తేడా ఏమిటంటే, మూడేళ్ల డబ్బూ మీరు మొదటి రోజే ఇచ్చేస్తారు. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్‌టీ కార్డు బిల్లులో కనిపిస్తాయి. పైగా రెండేళ్లలో బదిలీ అంటున్నారు. వెళ్లే ఊళ్లో డిష్ పెట్టుకోనిచ్చే ఇల్లే దొరుకుతుందో లేదో. మీ హాల్లో టీవీ ఎలాగూ స్మార్ట్ టీవీయే కాబట్టి ఆండ్రాయిడ్ బాక్స్ కొత్తగా చేసేదేమీ ఉండదు. దాన్ని వదిలేయండి.

ఫ్రీ డిష్ చెడ్డదేం కాదు. ప్రసార భారతిది, 2004 నుంచి నడుస్తోంది, నెలవారీ చందా నిజంగానే లేదు. సప్తగిరి, యాదగిరి వస్తాయి. దేశం ఆడే ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ని దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007లో చట్టం వచ్చింది కాబట్టి కొన్ని క్రికెట్ మ్యాచ్‌లు కూడా చూడొచ్చు. కాకపోతే ఎక్కువ ఛానళ్లు హిందీవి. స్టార్ మా, జీ తెలుగు, ఈటీవీ, జెమిని అందులో దొరకవు. అత్తయ్యగారి దగ్గర ఆ మాట మీరే చెప్పాలి, నా వల్ల కాదు.

మిగిలింది హెచ్‌డీ బాక్స్. దాని డబ్బు లెక్క కన్నా ముందు మీ బాల్కనీ లెక్క చూడాలి. చాలామంది ముందు కంపెనీని ఎంచుకుని, తర్వాత డిష్‌కి చోటు వెతుక్కుంటారు. అపార్ట్‌మెంట్లలో అది తిరగబడుతుంది.

ఈ టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకి నేరుగా పైన ఆకాశంలో ఉంటాయి, మనం దానికి ఉత్తరాన ఉన్నాం. అందుకే మన ఊళ్లో ఏ డిష్ అయినా దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్యనే చూస్తుంది. విశాఖ ఉన్నది 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. టాటా ప్లే ఉపగ్రహాలది 83 డిగ్రీలు, అంటే మనకి దాదాపు నేరుగా దక్షిణం, ఆకాశంలో 69 డిగ్రీల ఎత్తున. ఫ్రీ డిష్ వాడే జీశాట్-15 93.5 డిగ్రీల దగ్గర ఉంటుంది, దక్షిణానికి తిరిగి నిలబడితే కొంచెం ఎడమకి. ఎయిర్‌టెల్ ఉపగ్రహం 108.2 డిగ్రీల దగ్గర, అంటే ఆగ్నేయం, మనకి సముద్రం వైపు. ఎత్తు 55 డిగ్రీల దాకా.

మీది తూర్పు బాల్కనీ. నేరుగా దక్షిణం చూడాల్సిన డిష్‌కి మీ గోడే అడ్డం. ఆగ్నేయం చూసేదానికి దారి దొరుకుతుంది. అయినా పై ఫ్లోర్ బాల్కనీ స్లాబ్ ఉంది కదా, 55 డిగ్రీలు పైకి చూడాలంటే డిష్‌ని గ్రిల్‌కి బయట బిగించాల్సిందే. ఎదురింటి మేడ గురించి టెన్షన్ అక్కర్లేదు, అంత పైకి చూసే డిష్‌కి అది పెద్ద అడ్డం కాదు. డాబా మీద చోటిస్తే ఈ తలనొప్పి ఏదీ ఉండదు. అయిదో అంతస్తు పైనుంచి మూడో ఫ్లోర్‌కి పాతిక మీటర్ల కేబుల్ పడుతుంది, సిగ్నల్‌కి అది ఇబ్బంది కాదు. ఇంటి ఓనర్ని, అసోసియేషన్‌ని అడగండి. ఒప్పుకుంటే వాట్సాప్‌లో అయినా ఒక మాట రాయించుకోండి. డాబా దొరికితే ఏ కంపెనీ అయినా మీ ఇష్టం, ఏది తక్కువకి వస్తే అది. దొరకకపోతే మీ తరఫున బాల్కనీయే కంపెనీని ఎంచుకుంటుంది.

దిక్కు చూడ్డానికి ఫోన్‌లో దిక్సూచి చాలు. ఇంకో దారి కూడా ఉంది. మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబర్ మొదటి రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఈ ఉపగ్రహాల వెనకాల నుంచి వెళ్తాడు. ఉదయం పదింటికి ఎయిర్‌టెల్ వైపు, పన్నెండు కావస్తుండగా టాటా ప్లే వైపు. ఆ వేళకి మీరు డిష్ పెట్టదలచిన చోట ఎండ పడుతోందంటే ఉపగ్రహం కనిపిస్తున్నట్టే. ఆ రోజుల్లోనే కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది కూడా. అప్పుడు టెక్నీషియన్‌ని పిలిచి విజిటింగ్ ఛార్జీ ఇచ్చుకోకండి, దానంతటదే వస్తుంది.

ఇక వాన. మీరు కేబుల్ మానేయడానికి చెప్పిన మొదటి కారణం ఇదే కాబట్టి దాచకుండా చెబుతాను. ఇంటి మీద పెట్టే చిన్న డిష్ కేయూ బ్యాండ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుంది. గట్టి వానకి ఆ సిగ్నల్ నీరసిస్తుంది. కేబుల్ వాళ్ల పెద్ద డిష్‌లు ఎక్కువగా సీ బ్యాండ్‌వి, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీవి, అవి వానకి అంతగా లొంగవు. వాళ్ల దగ్గర పోయేది స్తంభాల మీద లైన్లు, కరెంటు. అంటే డిష్ పెట్టించుకున్నా అక్టోబర్, నవంబర్‌లో వాయుగుండం పట్టినప్పుడు బొమ్మ పోతుంది. కాకపోతే వాన తగ్గిన పది నిమిషాల్లో తిరిగి వస్తుంది, ఎవరికీ ఫోన్ చేసే పని లేదు. 60 సెంటీమీటర్ల మామూలు డిష్ బదులు కొంచెం పెద్దది దొరికితే ఇంకాస్త నయం. బిగించాక మెనూలో సిగ్నల్ క్వాలిటీ ఎంత చూపిస్తోందో ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత గొడవ వస్తే అదే మీ సాక్ష్యం.

బీచ్ దగ్గర ఇల్లంటే అసలు ఖర్చు ఉప్పు గాలి. కొన్నేళ్ల కిందట మా డాబా మీద డిష్‌కి సిగ్నల్ ఊగిసలాడుతుంటే టెక్నీషియన్ మూడుసార్లు వచ్చాడు, వచ్చినప్పుడల్లా 250. మూడోసారి నేనూ పైకెక్కాను. ఎల్ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టే ముక్క) దగ్గర కనెక్టర్ విప్పితే లోపలి రాగి తీగ ఆకుపచ్చగా మారిపోయి ఉంది, వేలు పెడితే పొడి రాలింది. క్లాంప్ బోల్టుకి స్పానర్ పెట్టగానే తల ఊడి చేతిలోకొచ్చింది. డిష్ మీద రంగు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. అందుకని బిగించే రోజునే స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు మీరే హార్డ్‌వేర్ షాపులో కొని ఇవ్వండి, వందా నూటయాభైలో అయిపోతుంది. కనెక్టర్ మీద వ్యాజలీన్ రాసి, టేపు చుట్టించండి. కేబుల్‌ని ఇంట్లోకి తెచ్చేముందు కిందికి ఒక వంపు తిప్పమనండి, నీళ్లు అక్కడే కారిపోతాయి. హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మనది, పిట్టగోడ ప్లాస్టరింగ్‌కి రెండు మేకులు కొట్టి వెళ్లిపోతానంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు డబ్బు. మూడేళ్లకి కేబుల్ 10,800. డిష్ 13,500. తేడా 2,700, నెలకి 75. రిపేర్లకి ఏడాదికి ఒక 400 పక్కన పెట్టినా నెలకి 110 దాటదు. 46 వేల జీతంలో ఆపరేటర్ ఫోన్ ఎత్తలేదన్న చిరాకు పోవడానికి అంత ఇవ్వొచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

నాకు అభ్యంతరం రెండో కనెక్షన్ మీద. 1,500 బాక్స్, నెలకి 200 చొప్పున మూడేళ్లకి 7,200, మొత్తం 8,700. కేబుల్‌కీ డిష్‌కీ ఉన్న తేడా కన్నా మూడు రెట్లకి పైన. అదే 200 పోస్టాఫీసు ఆర్‌డీలో 6.7 శాతం వడ్డీకి వేస్తే ఐదేళ్లకి 14,270 దాకా అవుతుంది, ఒక పిల్లవాడి ట్యూషన్ ఫీజుకి పనికొస్తుంది. మరి సాయంత్రం గొడవ? ఉన్న ఒక్క కనెక్షన్‌నీ హాల్లో పెట్టకండి. అత్తయ్యగారి గదిలో పాత టీవీకి పెట్టించండి. ఆవిడ సీరియళ్లు ఆవిడ గదిలో, ఆవిడ రిమోట్ ఆవిడ చేతిలో. మీవారి క్రికెట్ హాల్లో, వైఫై మీద. ఫోన్ రీఛార్జ్‌తో జియోహాట్‌స్టార్ వస్తోందేమో ముందు చూసుకోండి, చాలామందికి ఉండి కూడా తెలియదు. అది టీవీలో కూడా ఆడుతుందో, ఫోన్‌కే పరిమితమో ప్లాన్‌లో చదవండి.

ప్యాక్ మొదటి రెండు నెలలూ 360 చొప్పున నెలనెలా కట్టండి. వానలో ఎలా ఉందో, అత్తయ్యగారికి కావాల్సినవన్నీ వస్తున్నాయో తెలుస్తుంది. నచ్చితే అప్పుడు ఏడాదికి 3,900 ఒకేసారి కట్టేయండి. ముందుగా కట్టడాన్ని నేను మామూలుగా ఒప్పుకోను, ఇక్కడ లెక్క వేరు. నెలనెలా కడితే ఏడాదికి 4,320 అవుతుంది, 420 మిగులుతోంది. పైగా కట్టిన డబ్బంతా ఏడాది పొడుగునా ఇరుక్కుని ఉండదు, ప్రతి నెలా కొంత వాడుకుంటూనే పోతారు. వడ్డీగా మారిస్తే 22, 23 శాతం దాకా తేలుతుంది. ఎఫ్‌డీలో అంత ఎవరిస్తారు? అదే మూడేళ్లకి కడితే అదనపు తగ్గింపు ఏమీ లేదని పైనే చూశాం.

కట్టే ముందు యాప్‌లో ప్యాక్ తెరిచి ఒకసారి వేలు పెట్టి చదవండి. ఒకే ఛానల్ మామూలుదీ హెచ్‌డీదీ రెండూ ఉంటే ఒకే సీరియల్‌కి రెండుసార్లు కడుతున్నట్టే, ఒకటి తీయించండి. అత్తయ్యగారి పాత టీవీ హెచ్‌డీ కాకపోతే హెచ్‌డీ ఛానళ్లన్నీ దండగే. బాక్స్ కొన్నట్టా, అద్దెకిచ్చినట్టా అన్నది బిల్లు మీద రాయించుకోండి. రేపు కంపెనీ మారితే డిష్ పనికొస్తుందేమో గానీ ఆ బాక్స్ పనికిరాదు. బదిలీ అయితే కొత్త ఊళ్లో మళ్లీ బిగించడానికి ఎంత తీసుకుంటారో కూడా ఇప్పుడే అడగండి.

అన్నట్టు, పాత కేబుల్ బాక్స్‌కి అప్పట్లో డిపాజిట్ కట్టారా? రసీదు బీరువాలో ఎక్కడో ఉంటుంది, వెతకండి. బాక్స్ చేతికిచ్చేది ఆ డబ్బు తీసుకున్నాకే.