నాట్‌వీడ్‌ను తవ్వకండి: ఆరేళ్ల పెరటి అనుభవం

ఇంగ్లండ్‌లో కొత్తగా కొన్న ఇంటి పెరట్లో, కంచె వారగా జపనీస్ నాట్‌వీడ్ అనే మొండి కలుపు మొక్క మొలిచిందని మీరు రాశారు. దానిని పారతో తవ్వి తీసేయవచ్చా అని, లేత మొలకలు తింటారనీ వేరు మందుకు వాడతారనీ విన్నందువల్ల ఉంచుకుని వాడుకోవచ్చా అని అడిగారు. ఇదే దేశంలో ఇదే మొక్కతో నేను ఆరేళ్లుగా వేగుతున్నాను కాబట్టి అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటుంది: దయచేసి తవ్వకండి.

నేను మొదట చేసిన తప్పు అదే. వసంతంలో నేలను చీల్చుకుని వచ్చిన ఎర్రని మొలకలు వేసవి నడిమికల్లా వెదురులా కణుపులున్న బోలు కాడలై నా తల దాటిపోయాయి. రెండు వారాంతాలు శ్రమపడి తవ్వి, ఆ మట్టిని పెరటి అవతలి మూలన పోశాను. మరుసటి వసంతంలో పాత గుబురు పాతచోటనే లేచింది, అవతలి మూలన కొత్తది పుట్టింది, మట్టి మోసిన దారి పొడవునా, రాలిన ముక్క రాలినచోటే మొలకెత్తింది. ఈ మొక్క బలమంతా నేలలోపల పాకే కొమ్ములో ఉంటుంది. విరిచి చూస్తే లోపల పసుపు కొమ్మును తలపించే నారింజ రంగు కనిపిస్తుంది. ఒక గ్రాముకు తక్కువ బరువున్న ముక్క నుంచి కూడా కొత్త మొక్క రాగలదు.

దీని పుట్టుక తెలిస్తే ఇంత మొండితనం ఎందుకో అర్థమవుతుంది. జపాన్‌లో ఇది ఫుజి వంటి అగ్నిపర్వతాల వాలుల మీద, చల్లారిన లావా మీద, బూడిదలో అన్నిటికంటే ముందు నిలదొక్కుకునే మొక్కలలో ఒకటి. పైన ఏమి కూలినా లోపల దాచుకున్న ఆహారంతో మళ్ళీ లేవడమే అక్కడ బ్రతికే మార్గం. అక్కడ దానిని తినే పురుగులు, పీడించే శిలీంధ్రాలు ఉన్నాయి. 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు సీబోల్ట్ దానిని అలంకార మొక్కగా యూరప్‌కు తెచ్చాడు. 1850లో లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర ఉద్యానవనానికి చేరిన ఆ మొక్క వెంట ఆ శత్రువులు రాలేదు. బ్రిటన్‌లో ఉన్న జపనీస్ నాట్‌వీడ్ దాదాపు అంతా ఒకే ఆడ మొక్కకు నకళ్లు. ఇక్కడ అది విత్తనాల కంటే మనుషులు తరలించే మట్టితోనూ, నదుల వరదతోనూ వ్యాపించింది. నదీ తీరాలలో జరిగే నష్టమే నన్ను ఎక్కువ బాధిస్తుంది. వేసవిలో దాని నీడకు ఇతర మొక్కలు నశిస్తాయి, శీతాకాలంలో కాడలు ఎండిపోయాక కప్పేదేమీ లేని ఒడ్డు కోతకు గురవుతుంది.

ఇల్లు కూలిపోతుందన్న భయం మాత్రం పెట్టుకోకండి. లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాల్గొన్న 2018 నాటి అధ్యయనంలో, భవనాలకు ఇది చేసే హాని అనేక చెట్లు చేసే హాని కంటే ఎక్కువేమీ కాదని తేలింది. అయితే ఇల్లు అమ్మేటప్పుడు దీని సంగతి తెలియజేయవలసి ఉంటుంది కాబట్టి, చేసిన చికిత్సకు తేదీలతో, ఫొటోలతో రికార్డు ఉంచుకోండి.

నాకు పనిచేసినది శరదృతువులో గ్లైఫోసేట్ అనే కలుపు మందు చల్లడం. వసంతంలోను, వేసవి మొదట్లోను ఆహారం కొమ్ము నుంచి పైకి ప్రవహిస్తుంది. అప్పుడు చల్లిన మందు ఆకులను మాడుస్తుందే గాని కొమ్మును పెద్దగా చేరదు. పూత ముగిసిన తరువాత ఆకులు తయారుచేసిన చక్కెరలు కిందికి దిగుతాయి, మందు వాటితో పాటే కొమ్ములోకి వెళుతుంది. అందువల్ల వేసవిలో కాడలను కోయకూడదు, ఎందుకంటే మందును లోపలికి తీసుకునే ఆకులు అప్పటికి నిండుగా ఉండాలి. పూలు రాలేవరకు ఆగితే వాటి మీద వాలే తేనెటీగలకు కూడా మేలు. మోతాదు డబ్బా మీద రాసిన దానికి మించనీయకండి, దగ్గరలో కాలువ ఉంటే అనుమతి లేకుండా చల్లకండి. మా కంచెకు అవతల కూడా కొమ్ములు పాకాయి గనుక పక్కింటి పెద్దావిడతో మాట్లాడి రెండు వైపులా ఒకే రోజున చల్లాము. ఒకవైపు మాత్రమే చేసి ఉంటే అంతా వృథా అయ్యేది.

మరుసటి ఏడు ముడుచుకుపోయిన చిన్న ఆకులతో మరుగుజ్జు మొలకలు వస్తాయి. వాటిని చూసి పని పూర్తయిందని ఆపేయవద్దు. కొమ్ము నిద్రాణస్థితిలో ఏళ్ల తరబడి ఉండగలదు.

ఇక ఉపయోగాల విషయం. ఇది చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క, మొలకల పులుపు ఆ వరుసదే. జపాన్‌లో వాటిని ఇటాడోరి అంటారు, తొక్క తీసి, ఉడికించి, నీళ్లలో నానబెట్టి తింటారు. ఆక్జాలిక్ ఆమ్లం ఉన్నందున మూత్రపిండాలలో రాళ్లున్నవారికి తగదు. దీని కొమ్ము చైనా సంప్రదాయ వైద్యంలో ఉంది, రెస్వెరట్రాల్ అనే పదార్థాన్ని దాని నుంచి వ్యాపారస్థాయిలో తీస్తారు. దీని బంధువైన జెయింట్ నాట్‌వీడ్ సారంతో బూడిద తెగులును అరికట్టే మందు కూడా ఉంది. ఇవన్నీ నిజమే అయినా, మీ పెరటి మొక్కకు అవి వర్తించవని నా అభిప్రాయం. మందు చల్లిన మొక్కను తినకూడదు. పాత రైలు మార్గాల, కర్మాగారాల నేలలలో పెరిగినది భారలోహాలను పీల్చుకుని ఉండవచ్చు. వంటకని కోసి తెచ్చే ప్రతిసారీ ముక్కలు కొత్త చోట రాలే ప్రమాదమూ ఉంది.

మీ పెరట్లో ఈ మొక్క ఉండటం నేరం కాదు. అయితే దానిని ఇంటి బయట, ప్రకృతిలో నాటడం గాని, అక్కడ పెరిగేలా చేయడం గాని 1981 నాటి వన్యప్రాణుల చట్టం కింద నేరం. కొమ్ములున్న మట్టిని తరలించాలంటే అనుమతి ఉన్న సంస్థ ద్వారా, అనుమతి ఉన్న చోటికే పంపాలి. మామూలు చెత్తబుట్టలోగాని, కంపోస్టులోగాని వేయకండి.

నేను నాలుగు శరదృతువులు చల్లాను. పోయిన ఏడాది ఒక్క మొలక కూడా రాలేదు. ఈ మే నెలలో కంచె మూలన వేలెడు మొలక ఒకటి కనిపించింది. పీకలేదు, పక్కన ఒక కర్ర గుచ్చి గుర్తు పెట్టాను, సెప్టెంబరులో దాని ఆకుల మీద మందు పూస్తాను.