అమ్మ ఫొటో, అక్క పోస్టు

విశాఖపట్నం సీతమ్మధార నుంచి ఒక చెల్లెలు (43 ఏళ్లు) రాశారు: "రెండేళ్ల కిందట అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు, చెయ్యి పడిపోయాయి. మాట బాగానే ఉంది. అప్పటినుంచి నా దగ్గరే ఉంటోంది. గాజువాకలో ఉండే అక్క ప్రతి ఆదివారం వచ్చి ఓ గంట కూర్చుంటుంది. అమ్మకు చెంచాతో రాగిజావ పడుతూ ఫొటో తీయించుకుని 'అమ్మ సేవలో' అని ఫేస్‌బుక్‌లో పెడుతుంది. 'కంటే నీలాంటి కూతుర్నే కనాలి' అని చుట్టాలంతా కామెంట్లు. చేసేది నేను, పేరు తనకి. నిజమేంటో ఆ ఫొటో కిందే రాసేయనా? అసలు జనం ప్రతీదీ ఎందుకిలా షేర్ చేస్తారు?"

రాయకండి. మొదటి ప్రశ్నకు అంతే జవాబు. అక్కచెల్లెళ్ల మాట మేనత్తల ఫోన్లలోకి ఎక్కకూడదు.

రెండో ప్రశ్నకు వస్తే, న్యూయార్క్ టైమ్స్ పత్రిక వాళ్లు 2011లో ఇదే అడిగారు. 'నేనెలాంటి మనిషినో, దేన్ని పట్టించుకుంటానో నలుగురికీ తెలియాలని' షేర్ చేస్తామని 68 శాతం మంది చెప్పారట. మీ అక్క చేస్తున్నదీ అదే. వారంలో ఆరు రోజులు రాలేని కూతురు, ఏడో రోజు తను మంచి కూతురేనని నలుగురి చేతా అనిపించుకుంటోంది. అందులో మోసం కంటే గిల్టీ ఫీలింగే నాకు ఎక్కువగా కనిపిస్తోంది. ఆ పత్రికలోనే వచ్చిన దాదాపు ఏడు వేల వ్యాసాలను పరిశీలించి బెర్గర్, మిల్క్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో ఇంకో సంగతి చెప్పారు. అబ్బురపరిచేవి, కోపం తెప్పించేవి జనం ఎక్కువగా పంచుకుంటారు, దిగులు పుట్టించేవి అంతగా పంచుకోరు. మీ కామెంట్‌లో ఉండేది కోపమే కదా. సాయంత్రానికల్లా దాని స్క్రీన్‌షాట్ శ్రీకాకుళంలో ఉన్నవాళ్లూ చదువుతారు. మీరు రాత్రి అలారం పెట్టుకుని, రెండు గంటలకోసారి లేచి అమ్మను పక్కకి తిప్పడం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం రెండో పేజీలో ఒక మాట రాసి, వెంటనే మళ్లీ ఫేస్‌బుక్ సంగతికి వెళ్లిపోయారు. "వారమంతా అమ్మ నాతో ఊఁ, ఉహూఁ తప్ప మాట్లాడదు. ఆదివారం అక్క చెప్పుల చప్పుడు వినపడగానే 'పెద్దది వచ్చిందే, నన్ను లేపి కూర్చోబెట్టు' అంటుంది." నేను అక్కడే ఆగిపోయాను. మిమ్మల్ని కోస్తున్నది ఆ మాట. అక్క పోస్టులన్నీ రేపే పోయినా అది పోదు.

మా అత్తగారికి నేను నాలుగేళ్లు చేశాను. ఆవిడ నా మొహంలోకి చూసి మాట్లాడింది చాలా తక్కువ. ఎవరైనా చూడ్డానికి వస్తే గలగలా మాట్లాడేవారు. నాకు మండిపోయేది. ఒకరోజు తల చిక్కు తీస్తుంటే, గోడవైపు తిరిగే ఉండి, "నీ చేత ఇవన్నీ చేయించుకుంటున్నాను, ఏ మొహం పెట్టుకుని కబుర్లు చెప్పనే" అన్నారు. మీ అమ్మగారి మౌనం కూడా అలాంటిదేనని నా నమ్మకం. మీ గుడ్డలు మార్చిన చేతులవి. ఇప్పుడు మీ చేత మార్పించుకుంటున్నారు. పెద్ద కూతురి ముందు ఉతికిన చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, కాసేపు అమ్మలా కూర్చోగలుగుతున్నారు. ఆ చీర కడుతున్నది మీరేనని ఆవిడకు తెలియదా?

కాబట్టి ఒంటి పనులకు ఒక పూట ఆయాను పెట్టుకోండి. ఆ ఆయా జీతంలో సగం అక్కను ఇమ్మనండి. శనివారం రాత్రి వచ్చి, ఆదివారం సాయంత్రం దాకా ఉండమని కూడా అడగండి. ఇంత పెద్ద ఉత్తరంలో మీరు అక్కను ఫలానా పని చేయమని అడిగినట్టు ఒక్క వాక్యం లేదు. అడగకుండా అంతా మీద వేసుకుని, తర్వాత చుట్టాల ముందు లెక్క చెప్పడం మీ గౌరవానికి తగదు.

ఫొటోల విషయంలో నాకూ కోపం వచ్చింది, అయితే అది మీ అమ్మగారి తరఫున. తల దువ్వుకోకుండా వీధి గుమ్మం దాటని మనిషని మీరే రాశారు. పెదవి పక్క నుంచి జావ కారుతూ ఉన్న ఫొటో ఊరందరికీ చూపించడానికి ఆవిడను ఎవరు అడిగారు? ఇది అక్కకు ఫోన్ చేసి, మెత్తగానే, కచ్చితంగా చెప్పండి. 'అమ్మను అడక్కుండా పెట్టకు' అంటే చాలు. పెట్టాలనుంటే పాత ఫొటో పెట్టమనండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ ఏటా నడిచేవారని రాశారు కదా, ఆ నడిచే రోజుల ఫొటో ఇంట్లో ఒక్కటైనా ఉండకపోదు.

ఈ ఆదివారం అక్క వచ్చేలోపు, జడ వేస్తూ ఆ నడక గురించి అడగండి. కొండ కింద తొలిపావంచ దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే అప్పుఘర్ దగ్గర సముద్రం కనపడేసరికి ఎంతయ్యేది, దారిలో మజ్జిగ ఎవరిచ్చేవారు, మీ చిన్నప్పుడు ఎవరిని ఎత్తుకుని నడిచారు. ఆవిడ వెంటనే చెప్పకపోవచ్చు. జడ వేయడం అయిపోయినా లేవకండి, ఇంకాసేపు అక్కడే కూర్చోండి.