కాకి వచ్చింది సరే, కాగితం ఎవరు పంపారు?

ప్రశ్న: మాది కోనసీమ. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాం. మాఘమాసంలో నాన్న పోయారు. పదో రోజున కాలవ గట్టున పిండం పెడితే గంటన్నర దాకా కాకి ముట్టలేదు. అన్నయ్య అందరి ముందూ "నాన్నకి నీ మీదే బెంగ. ఆస్తి గొడవ ఉండదని మాటిచ్చెయ్" అన్నాడు. పంతులుగారు అందరినీ వెనక్కి జరగమన్నారు. నేను ఏడుస్తూ "నాకేమీ వద్దు నాన్నా, అంతా అన్నయ్యకే" అన్నాను. కాసేపటికి కాకి వచ్చి ముట్టింది. అప్పటి నుంచి మా బాల్కనీకి రోజూ ఒక కాకి వస్తోంది, నేను ఒకే వేళకి అన్నం పెడుతున్నాను. వైశాఖంలో ఊరెళితే గేటు దగ్గర వేపచెట్టు కింద కాకి తల మీద తన్నింది. మాట తప్పుతానేమోనని నాన్న హెచ్చరిస్తున్నారని వదిన అంది. ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఒక క్విజ్ చేస్తే నా స్పిరిట్ యానిమల్, అంటే నాకు తోడుండి దారి చూపే జంతువు, కాకి అని వచ్చింది. అది ఏం చెబుతోందో తెలుసుకోవాలంటే సెషన్‌కి 4,500 రూపాయలట. అన్నయ్య హక్కు విడుదల దస్తావేజు డ్రాఫ్ట్ వాట్సాప్‌లో పంపాడు. కాకి నిజంగా నా స్పిరిట్ యానిమలేనా? దాని ద్వారా నాన్న నాకేం చెబుతున్నారు?
— ఒక ఆడపడుచు

జవాబు: అమ్మా, మీ మొదటి ప్రశ్నకి జవాబు: కాదు. ఇలాంటివి అమెరికా ఆదివాసుల నమ్మకాల పేరు చెప్పి అమ్ముతుంటారు. వాళ్లలో, అమెరికా, కెనడాల్లోని ఓజిబ్వే తెగలో ఒక్కో వంశానికి ఒక్కో జంతువు ఉంటుంది. కొంగ, ఎలుగుబంటి, లూన్ అనే నీటిపక్షి, ఇలా. మన గోత్రంలాగే అది తండ్రి వైపు నుంచి వస్తుంది, క్విజ్ చేస్తే రాదు. ఆ 4,500 కట్టకండి. అక్కడితో ఆ సంగతి వదిలేద్దాం.

కాకి సంగతి మాత్రం అంత తేలిగ్గా వదిలేది కాదు. అది మన ఇళ్లలోది. రామాయణం ఉత్తరకాండలో మరుత్తుడనే రాజు యజ్ఞం చేస్తుంటే రావణుడు వచ్చిపడతాడు. దేవతలు భయపడి తలో జంతువు రూపంలో దాక్కుంటారు. ఇంద్రుడు నెమలి అవుతాడు, యముడు కాకి అవుతాడు. గండం గడిచాక యముడు కాకికి వరమిస్తాడు: నా లోకంలో ఆకలితో ఉన్నవాళ్లు, నువ్వు తింటే తృప్తి పడతారు అని. పిండం కాకికి పెట్టడం వెనకున్న నమ్మకానికి పెద్ద ఆధారం ఇదే. ఆ వరంలో ఆకలి ఉంది, తృప్తి ఉంది. కోపం లేదు, హెచ్చరిక లేదు, ఆస్తి అసలే లేదు. ఆ మూడూ గట్టు మీద నిలబడ్డవాళ్లు చేర్చినవి.

ఇక గంటన్నర ఎందుకు పట్టింది? ఊరకాకి మనిషి పక్కనే బతుకుతుంది గానీ మనిషిని నమ్మదు. కొత్త వస్తువు కనబడితే దూరంగా కొమ్మ మీద కూర్చుని చూస్తుంది. షామియానా, తళతళలాడే స్టీలు పళ్లెం, చుట్టూ బంధువులు, పైకెత్తిన ఫోన్లు ఉంటే దిగదు. దానికి తోడు కాకి ముఖ్యంగా మేత మేసేది పొద్దున్నే. కర్మకాండ తెమిలి పిండం గట్టెక్కేసరికి పదకొండు, పన్నెండు అవుతుంది. అప్పటికి దాని కడుపు నిండి ఉంటుంది, ఎండకి నీడలో కూర్చుంటుంది. ఎంతకీ ముట్టకపోతే పిండం ఆవుకి పెట్టడం, నీళ్లలో కలపడం మన పద్ధతిలో ఉన్నవే. మీ పంతులుగారిని అడిగినా చెబుతారు.

మీరు రాసిన వరస మళ్లీ చదవండి. అన్నయ్య మాట అడిగాడు. పంతులుగారు అందరినీ వెనక్కి జరగమన్నారు. మీరు మాటిచ్చారు. కాకి వచ్చింది. ఇన్నాళ్లూ మీరు మీ మాటనే లెక్కలోకి తీసుకుని, వెనక్కి జరిగిన జనాన్ని వదిలేశారు. కాకి దిగింది ఖాళీ అయిన చోటికి.

తల మీద తన్నడం కూడా అలాంటిదే. మన వైపు కాకులు గూడు కట్టి పిల్లల్ని చేసే కాలం దాదాపు ఏప్రిల్ నుంచి జులై దాకా. పిల్లలు గూట్లో మూడు నాలుగు వారాలుంటాయి, తర్వాత ఎగరడం చేతకాక కింద కొమ్మల మీదో నేల మీదో కూర్చుంటాయి. ఆ రోజుల్లో ఆ చెట్టు కింద నడిచిన ప్రతి తలనీ తల్లిదండ్రులు రెండూ వెనక నుంచి వచ్చి తంతాయి. పాలవాడినీ తన్ని ఉంటాయి, అతనికి ఏ ఆస్తీ లేదు. ఆ కాలంలో అక్కడికెళ్తే గొడుగు వేసుకోండి, కింద పిల్ల కనబడితే ముట్టుకోకండి. శనివారం నువ్వులనూనె దీపం పెట్టాలనిపిస్తే పెట్టండి, దాంతో ఎవరికీ నష్టం లేదు. వదిన చెప్పిన అర్థం మాత్రం తీసుకోకండి.

ఇప్పుడు అసలు విషయం. ఉత్తరం నిండా కాకే ఉంది. దస్తావేజు గురించి ఒక్క వాక్యం, దానికి ప్రశ్నార్థకం కూడా లేదు. మీ సమస్య కాకితోనో, పోయిన నాన్నగారితోనో కాదు. అన్నయ్యతో. నాన్నగారున్నన్నాళ్లూ మీ ఇద్దరి మధ్యా ఏది తెగాలన్నా ఆయనే తెంచి ఉంటారు. ఇప్పుడు ఆ పెద్దరికం ఖాళీ అయింది. అన్నయ్య దాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు, మీరు కాకి చేతిలో పెట్టారు.

ఇంకో మాట. కాకి ముట్టకపోతే పోయినవాళ్ల బెంగ తీరేలా మాటివ్వడం మనలో ఉన్నదే. కానీ ఎలాంటి మాట? "అమ్మని కళ్లలో పెట్టుకు చూస్తాం", "చెల్లి పురుడు మేం పోస్తాం", "అప్పులు మేం తీరుస్తాం". బతికున్నవాళ్లు బరువు నెత్తినెత్తుకునే మాట అది. పిండం పెట్టిన కర్త మీ అన్నయ్య. ఆ గట్టు మీద మాటివ్వాల్సింది అతను. తను ఇవ్వకుండా మిమ్మల్ని అడిగాడు, అదీ ఏడుస్తున్నప్పుడు, అదీ బంధువుల ముందు. నాకు ఇది తప్పుగానే కనిపిస్తోంది. అతను చెడ్డవాడని అనను. తండ్రి పోయిన భయంలో మనుషులు ముందు పొలం గట్లు చూసుకుంటారు. అయినా తప్పు తప్పే.

మీ మాటకి చట్టంలో ఏం విలువుందో తెలుసుకోండి. స్థిరాస్తిలో హక్కు వదులుకోవడం నోటిమాటతో అయ్యేది కాదు. రిజిస్టరు చేసిన దస్తావేజు ఉండాలి. కాబట్టి ఈ రోజుకి మీ హక్కు మీ దగ్గరే ఉంది. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆయన స్వార్జితంలో 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, అన్నయ్య, మీరు, నానమ్మ ఉంటే ఆవిడా సమానం. పిత్రార్జితమైతే 2005 సవరణతో కూతురికి పుట్టుకతోనే హక్కు వచ్చింది. తండ్రి అప్పటికి బతికున్నా లేకున్నా ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వాటాల లెక్క అక్కడ వేరుగా ఉంటుంది గనక అడ్వకేట్‌తో వేయించుకోండి. "కట్నం ఇచ్చాం కదా" అంటారు. కట్నం ఇచ్చినంత మాత్రాన వారసత్వం పోదు.

సంతకం చేశాక మాత్రం కథ వేరు. రిజిస్టరైన దస్తావేజు రద్దు చేయించాలంటే సివిల్ కోర్టుకెళ్లి, మోసమో ఒత్తిడో జరిగిందని మీరే రుజువు చెయ్యాలి. దానికీ మూడేళ్ల గడువుంది. హైదరాబాద్ నుంచి రావడం కష్టమని జీపీఏ, అంటే మీ తరఫున సంతకాలు చేసే అధికారపత్రం, అడుగుతారు, పంపకండి. ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం ఎవరడిగినా వద్దు. ముందుగా చెయ్యాల్సినవి: పొలానికీ ఇంటికీ ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, తీయించండి. పాస్‌బుక్, పాత దస్తావేజుల కాపీలు అడగండి. వీలునామా ఉందంటే కాపీ చూపించమనండి. తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకున్నారేమో, అందులో మీ పేరుందో లేదో చూడండి.

ఆ డ్రాఫ్ట్‌లో చివరి పేజీ కూడా తెరిచి చూడండి. అమ్మ సంతకానికీ చోటుందా? ఉంటే విషయం మీ ఒక్కరితో పోదు. మీరూ అమ్మా ఇద్దరూ వదులుకుంటే ఇల్లూ పొలమూ మొత్తం ఒక్కరి పేరు మీదికి వెళ్తాయి. రేపు కోడలితో మాట పట్టింపు వస్తే అమ్మ తన ఇంట్లోనే అతిథి అవుతుంది. మీ వాటా మీరేం చేసుకున్నా మీ ఇష్టం. అమ్మ వాటా అమ్మ పేరునే ఉండాలని పట్టుబట్టడం మాత్రం కూతురిగా మీ ధర్మం. ఇందులో మొహమాటపడకండి.

అంటే అన్నయ్యతో కోర్టుకెక్కమని కాదు. పుట్టిల్లు నిలవాలని మనసారా ఇచ్చేస్తే ఇవ్వండి, ఎందరో ఇచ్చారు. కానీ సంవత్సరీకం అయ్యేదాకా ఏ సంతకమూ వద్దు. ఫోన్లో కాకుండా, బంధువులూ వదినా లేనప్పుడు, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి: "అన్నయ్యా, ఆ రోజు నేనన్నది దుఃఖంలో నాన్నతో అన్న మాట. ఆస్తి సంగతి మనం ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం. ముందు అమ్మకేం ఉంచుతున్నావో చెప్పు." కాకి ప్రస్తావన మీరు తేకండి. అతను తెస్తే "అది వేరు, ఇది వేరు" అని ఊరుకోండి. వాదించడం మొదలెడితే నాన్నగారి మనసులో ఏముందన్న చర్చ అవుతుంది. ఆయన లేరు గనక అందులో గెలుపు ఎప్పుడూ గట్టిగా మాట్లాడినవాడిదే. అతను అరిస్తే లేచి వచ్చేయండి. కాళ్ల మీద పడి ఏడిస్తే కూడా లేచి వచ్చేయండి. రెండో దానికే మీరు లొంగుతారని మీ ఉత్తరం చెబుతోంది.

బాల్కనీ కాకిని మానేయమంటానేమోనని భయపడుతున్నారు కదూ. మానొద్దు. కాకి మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకుంటుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో సియాటిల్‌లో ఒక మాస్కు తొడుక్కుని కొన్ని కాకుల్ని పట్టి వదిలితే, అక్కడి కాకులు ఏళ్ల తర్వాత కూడా ఆ మాస్కుని చూసి అరిచాయి. మీది ఊరకాకి అయి ఉంటుంది, మెడ బూడిద రంగులో ఉంటుంది, ఒళ్లంతా నల్లగా పెద్దగా ఉంటే బొంతకాకి. మీరు రోజూ ఒకే వేళకి పెడుతున్నారు, మీ ముఖం దానికి తెలుసు, అందుకే వస్తోంది. దానిలో నాన్నగారిని చూసుకోవడం మీ ప్రేమ, దాన్ని కాదనే హక్కు నాకు లేదు. పిడికెడు అన్నం చాలు, ఉప్పూ నూనే లేకుండా. పక్కన చిన్న గిన్నెలో నీళ్లు. ఎక్కువ పెడితే పావురాలు చేరతాయి, రాత్రికి ఎలుకలొస్తాయి, కింది ఫ్లాటువాళ్లు గొడవకొస్తారు. గట్టు రోజూ కడగండి.

ఒక నోటు పుస్తకం పక్కన పెట్టుకోండి. కాకి రాకముందు మీ మనసులో ఏముందో ఒక వరసలో రాయండి. అది చేసిందేమిటో, వాలిందా, అరిచిందా, తిని వెళ్లిందా, రెండో వరసలో. దానికి మీకు తోచిన అర్థం మూడో వరసలో. రెండు వారాలు రాస్తే మొదటి వరసకీ మూడో వరసకీ ఉన్న చుట్టరికం మీకే కనబడుతుంది. అన్నయ్య ఫోన్ చేసిన రోజున కాకి "కోపంగా" అరిచి ఉంటుంది. ఆ అర్థాలు మీరు చదువుకోవడానికే. వదినకీ వద్దు, సెషన్‌వాళ్లకీ వద్దు. భాద్రపద బహుళంలో మహాలయ పక్షాలొస్తాయి, అప్పుడు నాన్నగారి పేరున ఒకరికి స్వయంపాకం ఇవ్వండి. ఆయనతో చెప్పాలనుకున్నది ఆ రోజు నోరారా చెప్పుకోండి, షరతులు లేకుండా.

కాకి రాని రోజున చెయ్యి వణకడం, పనికి వెళ్లలేకపోవడం, వారాల తరబడి నిద్ర పట్టకపోవడం ఉంటే మాత్రం సైకియాట్రిస్టుని కలవండి, లేదా టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.